అందరికీ అర్థమయ్యే సైగ

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మదరసా సావిట్లోకి పండితులూ ఊళ్ళవాళ్ళూ మళ్ళీ అందరూ వచ్చి చాపల మీద సర్దుకున్నారు, టీ గ్లాసులు మళ్ళీ నిండాయి, లవంగం సిగరెట్ల పొగ మళ్ళీ దూలాల దాకా లేచింది, ప్రశ్న మాత్రం పొద్దున ఎక్కడుందో అక్కడే కూర్చుంది. మూగవాడు తన కూతురికి వలీగా, పెళ్ళి చేసిచ్చే పెద్దగా, నిలబడవచ్చా, నోటితో కాకుండా సైగతో ఆమెను నికా చేసి ఇవ్వవచ్చా, అని మైకులో ఇంకోసారి చదివారు. ఆడవాళ్ళ వైపు చివరి వరసలో ఉన్న జుమ్రోతున్ చేతులెత్తి, ఎదురుగా మగవాళ్ళ వైపు స్తంభానికి ఆనుకున్న నాన్నకి ఆ మాటలు చెప్పింది, మూగవాడు అనే చోట వేలు నాన్న మీదికి పోబోతుంటే తప్పించి గాల్లో ఎటో చూపించింది. నాన్న కస్మూరి తలాడించాడు. ఆయన తల ఎప్పుడూ అలాగే ఆడుతుంది, అర్థమైనా అంతే, కాకపోయినా అంతే. పొద్దున వజూ గురించి, నమాజుకి ముందు కడుక్కోవడం గురించి, వచ్చిన ప్రశ్నల దగ్గర్నుంచీ తిప్పుతూనే ఉంది చేతుల్ని, భుజాలు రెండూ గుంజుతున్నాయి, మణికట్ల దగ్గర సలుపు, కళ్ళు మండుతున్నాయి, ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని ఇదేం తిరుగుడే అని పక్కింటి పిన్ని నిన్న తిట్టింది కూడా. తిట్టినా తప్పేం లేదు. పెళ్ళికూతురంటే ఈపాటికి ఇంట్లో పసుపు రాయించుకుని పడుకోవాలి.

పడుకోవడమంటే ఎలా ఉంటుందో కూడా మర్చిపోయినట్టుంది తను. ఈ పుస్తకం పని మొదలెట్టాక మరీను. మదరసా పెద్దాయన కోడలు హమ్నా అమ్మగారికి వచ్చిన ఆలోచన అది, కళ్ళులేనివాళ్ళకి, కాళ్ళులేనివాళ్ళకి, చెవుడూ మూగా ఉన్నవాళ్ళకి, బుద్ధి ఎదగని పిల్లలున్న తల్లులకి, దీన్, మన మతం, ఏం చెప్తుందో అంతా ఒక పుస్తకంలో చేర్చాలని. ఇన్ని వందల ఏళ్ళ కితాబుల్లో వీళ్ళు లేరా అంటే ఉన్నారు, కానీ ఎక్కడ, ప్రతి అధ్యాయం చివర్న, ఫలానావాడికి తప్ప అనే ముక్కలో. గుడ్డివాడు నమాజు అధ్యాయంలో ఒక మూల, మూగవాడు తలాకు అధ్యాయంలో ఒక మూల, ఎవరూ ఎవరినీ ఎరగరు. వాళ్ళందర్నీ మూలల్లోంచి లేపి ఒక చాప మీద కూర్చోబెడదాం రామ్మా అంది అమ్మగారు, జుమ్రోతున్ వెళ్ళింది. ఊరూరూ తిరిగి అడిగింది. చక్రాల కుర్చీ ఆయన అడిగాడు, నా చక్రాలు వీధిలో పేడ తొక్కి వస్తాయి, వాటిని కడిగేవాడు దొరక్కపోతే మసీదు బయటే నమాజు చేసుకోనా అని. కొయ్యకాలు పెట్టుకున్న పార్తీ అత్త అడిగింది, వజూలో కొయ్యని కూడా కడగాలా అని, కడిగితే ఉబ్బిపోతోందే, అని నవ్వింది. ఒక తల్లి ఏమీ అడగలేదు, పెరిగిన కొడుకు నోటికి అన్నం పెడుతూ, రంజాన్ నెల్లో పగలు వీడికి పెడుతుంటే ఇరుగుపొరుగు చూసే చూపుకి ఏదన్నా మసలా, ఏదన్నా మతం తీర్పు, ఉందా అని మాత్రం అంది. అవన్నీ తెచ్చి అధ్యాయాల వారీగా పేర్చి, పేర్లు తీసేసి, ఈ సభ ముందు పెట్టడానికి ఇచ్చింది. పేర్లు తీసేసినవాటిలో నికా అధ్యాయం కింద నాన్నది కూడా పెట్టింది.

నాన్న ప్రశ్న అని నాన్నకి తెలుసో లేదో. పెళ్ళిళ్ళ ఆఫీసు ఆయన ఇంటికొచ్చి చెప్పిన రోజున నాన్న పెరట్లో తను అమ్మే తెంపె కోసం, అరటాకుల్లో పులియబెట్టి చేసే ఆ ముద్దల కోసం, సోయా గింజలు ఉడకబెడుతున్నాడు, ఆవిరిలోంచి ఆయన నోటివంకే చూశాడు. చెడ్డవాడేం కాదు ఆ ఆఫీసరు, అరటాకు విప్పి వేయించిన తెంపె ముక్క తింటూ తీరుబడిగా చెప్పాడు, "చూడమ్మాయ్, మీ నాన్న మంచోడే, కాదనను. కానీ వలీ అంటే నోరుండాలి కదా. ఆయనకి అన్నదమ్ముల్లేరు, తాతలు పోయారు. కాబట్టి సర్కారు తరఫున నేనే వలీగా కూర్చుంటా. రెండు నిమిషాల పని." అలా ఎవరికి చేస్తారండీ అని అడిగింది తను. "తండ్రి లేని పిల్లలకి చేస్తాం" అన్నాడాయన, అని ఇంకో ముక్క తీసుకున్నాడు. పెళ్ళికొడుకు రోఫిక్‌కి చెప్తే, ఎలాగైనా నాకు ఫర్వాలేదు జుమ్, నాన్నగారు ముందు వరసలోనే కూర్చుంటారుగా అన్నాడు. వాడు మంచివాడు, నాన్న దగ్గర అన్నం, ఆగు అనే రెండు సైగలు నేర్చుకుని ప్రతిదానికీ అవే వాడతాడు, కానీ ఆ ఫర్వాలేదు అన్న మాటకి మాత్రం వాడి మీద ఇప్పటికీ కోపంగానే ఉంది. ముందు వరసలో చుట్టాలు కూర్చుంటారు. తండ్రి ఉండగా తండ్రి లేని పిల్లలా పెళ్ళి చేసుకోవాలి తను, ఆయన కళ్ళెదుటే, ఆయన చేసిన తెంపె అందరూ తింటుండగా. ఇవాళ పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళయ్యే లోపల ఈ సభ తేలిస్తే హమ్నా అమ్మగారు ఆ ఆఫీసరుకి చెప్తానంది, ఈ సభ మాటంటే ఆయన వింటాడు. తేలకపోతే ప్రశ్నని వేలాడేస్తారు. వేలాడేయడం అంటే అంతే, వచ్చే సభ దాకా దాన్నెవరూ ముట్టుకోరు, వచ్చే సభ ఎప్పుడో పంటలయ్యాక.

"కియాయిగారూ, అసలు గొడవేంటో నాకర్థం కాదు" అంటున్నాడు మైకులో ఒక కుర్ర పండితుడు సభ పెద్దతో, "నోరున్న తండ్రులే ఆ టైముకి గొంతు పెగలక ఖాజీకి అప్పజెప్పేస్తారు. ఈయనా అప్పజెప్పేస్తే పోలా?"

"అప్పజెప్పాలంటే ముందు అది ఆయనదై ఉండాలి కదయ్యా" అంది హమ్నా అమ్మగారు తెర పక్కనుంచి. "నీది కాని మేకని నువ్వు నాకిస్తే నేను తీసుకుంటానా?"

నవ్వులు. నాన్న కూడా నవ్వాడు, అందరూ నవ్వారు కాబట్టి, నవ్వుతూ జుమ్రోతున్ వంక చూశాడు, ఏమిటన్నట్టు. మేక అని చూపించింది. మేక ఎందుకొచ్చిందో చెప్పే ఓపిక లేకపోయింది. ఈ సభలో నాకనిపించేది అనే మాట చెల్లదు, ఎవరు నోరు విప్పినా కితాబులో ఫలానా వాక్యం అని చదవాలి, అరబ్బీ ముక్క, దానికి జావా భాషలో అర్థం, మళ్ళీ ముక్క, మళ్ళీ అర్థం, పసుప్పచ్చ కాగితాల్లోంచి తిరగలి తిప్పినట్టు వస్తూనే ఉంటాయి మాటలు. అందులో కొన్ని మంచివి, కొన్ని కావు. మూగవాడి సైగ తెలియకపోతే వాడి పెద్దరికం పోతుంది, మతిలేనివాడి పెద్దరికం పోయినట్టే, అని ఒకాయన చదివాడు, ఆయనేం పాపం కక్షతో చదవలేదు, అక్కడున్నది చదివాడు. జుమ్రోతున్ చేతులు లేచి సగంలో ఆగిపోయాయి. పుస్తకం వెతుకుతున్నారు, అని చెప్పింది నాన్నకి. ఆయన ఆ చదివినాయన మొహం వంక కాసేపు చూసి, కూతురి మొహం వంక చూసి, తలాడించాడు.

ఎన్నిసార్లు ఇలా వెతికించిందో పుస్తకాల్ని. సంతలో ఒకామె, ఈ మూగ పీనుగ తూకంలో మోసం చేస్తాడు అని అరిస్తే, తెంపె బాగుందట నాన్నా, ఇంకొంచెం వెయ్యమంటోంది అని చెప్పింది, ఆయన సంబరపడి ఇంకో పొట్లం వేశాడు, ఆమె బిత్తరపోయి తీసుకుపోయింది, అప్పుడు తనకి ఎన్నేళ్ళుంటాయి, ముందుపళ్ళు ఊడిన వయసు. కరెంటాఫీసులో తనే, బ్యాంకులో తనే, పళ్ళ డాక్టరు దగ్గర నాన్న నోరు తెరిస్తే పక్కన నిలబడి నొప్పి ఎక్కడో చెప్పింది తనే. అందరూ అనేవాళ్ళు, ఎంత తెలివైన పిల్లో, తండ్రికి నోరయ్యింది, దేవుడు ఒక తలుపు మూసినా పిల్లనిచ్చాడు అని. నోరయ్యిన పిల్లకి నోరుండదని ఎవరూ అనలేదు. తనకి ఒళ్ళు వెచ్చబడితే నాన్నకి డాక్టరు చెప్పింది కూడా తనే చెప్పాలి, జ్వరంతో పళ్ళు కొట్టుకుంటూ, ఈమెకి రెస్టు కావాలి అంటున్నారు అని. ఆసుపత్రి అంటే అమ్మే గుర్తొస్తుంది, వద్దనుకున్నా వస్తుంది, ఆ ఆకుపచ్చ గోడ, డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తన ఎత్తుకి వంగి, మీ నాన్నకి చెప్పగలవా తల్లీ అని అడగడం. చావుకి వాళ్ళింట్లో ఒకే సైగ ఉండేది, కోడిని కోసేది. అమ్మకి ఆ సైగ పెట్టడానికి చెయ్యి రాలేదు. అమ్మ, ఇల్లు, రాదు, అని చెప్పింది. నాన్న తలాడించి, రేపు? అని అడిగాడు. రేపు రాదు. పండక్కి? పండక్కీ రాదు. ఎప్పుడు? ఆయన అడుగుతూనే ఉన్నాడు, తను రాదు రాదు అని చెప్తూనే ఉంది, చివరికి ఆయన చేతులు తన చేతుల్ని పట్టుకుని ఆపేదాకా. అప్పట్నుంచీ తనకి తెలిసింది, ఏడవాల్సినవాళ్ళలో ఒకళ్ళు తర్వాత ఏడవాలని. ఆ తర్వాత ఎప్పుడో ఇంకా రాలేదు.

"ఇదిగో, దొరికింది" అన్నాడు కియాయి జుబైదీ. సభకి పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు, కళ్ళద్దాలు ముక్కు చివర్న, ఇందాకటిదాకా కునుకు తీస్తున్నాడనుకున్నారంతా. వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. మూగవాడి సైగ అందరికీ అర్థమయ్యేదైతే అది సూటి మాటతో సమానం. చురుకైన కొద్దిమందికే అర్థమయ్యేదైతే అది డొంకతిరుగుడు మాట. డొంకతిరుగుడు మాటతో తలాకు కావచ్చు గానీ నికా కాదు.

అటు మగవాళ్ళ వరసలోంచి సిరోజన్న, ఈ పుస్తకం పనిలో జుమ్రోతున్‌కి జోడీ, పుట్టుగుడ్డి, ఖురాను మొత్తం కంఠతా వచ్చినవాడు, నోరూరుకోనివాడు, "బావుంది, విడిపోడానికైతే గోడకి చెప్పినా చాలన్నమాట" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. జుమ్రోతున్‌కి నవ్వు రాలేదు. నాన్న బడికెళ్ళలేదు, చెవిటివాళ్ళ బడిలో నేర్పే సైగలు ఆయనకి రావు, ఆయన సైగలు ఆయన పొయ్యి దగ్గర, ఆయన అరటాకుల దగ్గర పుట్టాయి, వాటిని ఈ లోకంలో పూర్తిగా చదవగలిగింది అమ్మ, తర్వాత తను. కొద్దిమంది కూడా కాదు, ఒక్కతి. అంతే కదా ఇప్పుడు వీళ్ళు అనేది. ఇన్నేళ్ళూ పక్కన నిలబడి ఆయన చెయ్యి లేవగానే చెప్పేసింది తను, ఊరికి ఆయన సైగ నేర్చుకోవాల్సిన పనే లేకుండా చేసింది. తనే లేకపోతే నలుగురూ తడుముకుంటూ అయినా నేర్చుకునేవాళ్ళేమో. ఏడుపు కాదు, కోపం కాదు, ఒట్టి అలసట, చాప మీదే ఒరిగిపోవాలనిపించే అలసట కమ్ముకుంది. వేలాడేయండి, ఆ ఆఫీసరే చదువుకోనీ రెండు నిమిషాలు, తనకింక చేతకాదు. కిటికీలో ఎండ ఎర్రబడింది, మగ్రిబ్‌కి ఎంతోసేపు లేదు. అందరికీ అంటే ఏ అందరికీ అని ఒకాయన లేవదీశాడు, ఊళ్ళో అందరికా, సాక్షులకా, పెళ్ళికొడుక్కా, దానికి ఇంకో కితాబు, ఇంకో అరబ్బీ ముక్క, ఇంకో అర్థం, వేలాడేద్దాం అన్న మాట రెండువైపులనుంచీ వినిపించింది. నాన్నకి ఇదంతా చెప్పాలని చేతులెత్తింది.

"జుమ్, ఆగు" అంది హమ్నా అమ్మగారు. "చేతులు ఒళ్ళో పెట్టుకో."

"మరి ఆయనకెలా తెలుస్తుందమ్మా, ఏం అడుగుతున్నారో?"

"అది మా తిప్పలు. కియాయిగారూ, మనిషి ఎదురుగా ఉన్నాడు. అర్థమవుతుందో లేదో కితాబునెందుకు అడగడం, ఆయన్నే అడగండి."

అంటే అమ్మగారికి తెలుసు, ఎవరి ప్రశ్నో. తెలియకపోవడానికేముందిలే. కియాయి జుబైదీ గొణుక్కుంటూ మోకాళ్ళు పట్టుకుని లేచాడు, జనం జరిగి దారిచ్చారు, వెళ్ళి నాన్న ఎదురుగా చతికిలబడ్డాడు. నాన్న గాభరాగా టోపీ సర్దుకుని కూతురి వంక చూశాడు. జుమ్రోతున్ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, లేవొద్దని వాటికి చెప్పడం ఎంత కష్టమో. కియాయి ఆమె వైపు వేలు చూపించాడు, నాన్న వైపు చూపించాడు, తర్వాత ఏం చెయ్యాలో తెలియక కాసేపు గడ్డం నిమురుకుని, కుడిచెయ్యి చాచాడు, నికా రోజున పెళ్ళికొడుకు వలీకి చాచినట్టు. ఆ చెయ్యి ఎరగని మగవాడు ఈ దేశంలో లేడు. ఎన్ని పెళ్ళిళ్ళలో చూసి ఉంటాడో నాన్న, ఆ రెండు చేతులు గట్టిగా పట్టుకోవడం, ఆ పట్టు మీదే మాట ఇవ్వడం, మాట పుచ్చుకోవడం. నాన్న చెయ్యి గబుక్కున వచ్చి కియాయి చేతిని పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉండిపోయాడు, పెదాలు కదిలాయి, మొహం ఎర్రబడింది. తర్వాత చెయ్యి లాగేసుకున్నాడు.

"చెయ్యి తీసేశాడు" అన్నారు వెనకనుంచి. "ఇష్టం లేదన్నమాట." "పాపం, భయపడ్డాడయ్యా." "ఇలా అయితే ఎలా తెలుస్తుంది, వేలాడేద్దాం."

కాదు కాదు అని అరవాలనిపించింది జుమ్రోతున్‌కి. గోళ్ళు అరచేతిలో దిగాయి. కియాయి మళ్ళీ చెయ్యి చాచాడు, నాన్న మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ లాక్కున్నాడు, ఈసారి రెండు చేతులూ గాల్లోకెత్తి కియాయి కళ్ళముందు ఆడించాడు, ఇవి, ఇవి, అన్నట్టు. ముసలాయన ఆ చేతుల వంక చూశాడు, తన చెయ్యి వంక చూసుకున్నాడు. "అరెరె" అన్నాడు. "నేను ఆయన నోరు పట్టుకుని మాట్లాడమంటున్నానయ్యా." తన చెయ్యి తీసి నాన్న మోకాలి మీద పెట్టాడు, ఊఁ కానివ్వు అన్నట్టు తలాడించాడు.

"ఏం జరుగుతోందక్కడ?" అన్నాడు సిరోజన్న. "ఎవరన్నా చెప్పి పుణ్యం కట్టుకోండయ్యా. జుమ్, చెప్పవే."

చెప్పింది కియాయే, వెనక్కి తిరక్కుండా, నాన్న మొహం మీదనుంచి చూపు తియ్యకుండా, కితాబు చదివినట్టే ముక్కముక్కగా. "ఏదో ముడి వేస్తున్నాడు... పొట్లం కట్టినట్టు... ఆ, ఈ పిల్లని అంటున్నాడు, అటే చూస్తున్నాడుగా. నా పిల్ల. ఈ పిల్లని గుండె దగ్గర పెట్టుకున్నాడు. తీశాడు. ఇదిగో, నా చేతుల్లో పెడుతున్నాడు. ఇస్తున్నాను, అంటున్నాడు. తీసుకో అంటున్నాడు." ముడి తన పేరు. చిన్నప్పుడు ఆకు పొట్లాలకి ముళ్ళు వేసేది తను, అందుకని ఆ పేరు. ఇంకెవరూ ఆ పేరు పలకలేదు ఎప్పుడూ. "ఆగండాగండి, అయిపోలేదు. నోరు చూపిస్తున్నాడు. తన నోరు. ఆ పిల్ల. ఇది నాకు నోరైంది అంటున్నాడు. ఇంత పిల్లప్పట్నుంచీ." కియాయి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "భుజాలు వాల్చేశాడు. అలసిపోయింది అంటున్నాడు. చాలా అలసిపోయింది, నీ ఇంట్లో, నీ ఇంట్లో దీన్ని... ఏమంటున్నాడు... చేతులు కట్టేసుకుంటున్నాడు. ఆ. ఎవరికీ నోరుగా వాడకు అంటున్నాడు. ఊరికే ఉండనివ్వు. కాసేపు ఊరికే ఉండనివ్వు అంటున్నాడయ్యా."

నాన్న మాటల్ని తన గొంతులో కాక ఇంకొకరి గొంతులో వినడం ఆమెకిదే మొదలు. ఇది తన నోటితో ఎలా చెప్పిస్తాడు ఆయన, తన గురించి తననే చెప్పమని ఎలా అంటాడు. ఇన్నేళ్ళూ దాచుకుని తిరిగాడన్నమాట, చూస్తూ, తలాడిస్తూ, అన్నీ తెలిసే. ఇన్నాళ్ళూ తర్వాత అని వాయిదా పడ్డ ఏడుపు అప్పుడొచ్చింది, చప్పుడు లేకుండా ముసుగులోకి, ఆపాలని కూడా అనిపించలేదు. పక్కనున్నామె ఎవరో వీపు మీద చెయ్యి వేసింది.

"ఏమని రాయమంటారు?" అన్నాడు కుర్ర పండితుడు, కలం పట్టుకుని.

"సూటి మాట అని రాయి" అన్నాడు కియాయి. "నాకు అర్థమైంది. చూడలేని సిరోజ్‌కే అర్థమైంది. ఇంకెవరికి కావాలి?"

"నాకైతే బాగానే అర్థమైంది" అన్నాడు సిరోజన్న, ఈసారి హాస్యం లేకుండా.

మసీదులో మైకు గరగరమంది, మగ్రిబ్ నమాజుకి పిలిచే బాంగుకి ఎవరో గొంతు సరిచేసుకుంటున్నారు. జనం లేస్తున్నారు. ఏమైంది, ఏం తేలింది, అని నాన్న చేతులు అడుగుతున్నాయి, అడుగుతున్నది ఆమెను కాదు, కియాయిని. ముసలాయన ఏవో తంటాలు పడుతున్నాడు, రెండు చేతులూ కలిపి, విడదీసి, గుండె మీద కొట్టుకుని, తప్పు చేసి, నాన్న దిద్దితే నవ్వి, మళ్ళీ చేస్తున్నాడు. జుమ్రోతున్ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నాన్న మాట్లాడుతుండగా ఆమె కళ్ళు మూసుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.